రాళ్లు ఏరిన దొర

మన గోడపత్రికలో ఇంతవరకు గాంధీ, అంబేద్కర్, అల్లూరి సీతారామరాజు, కొమురం భీం జీవితాలు వచ్చినాయి. ఈ నెల నేను రాసేది ఒక ఇంగ్లీషు దొర గురించి. దొరలతో మనకేం పని అని కొందరు మూతి తిప్పుతారని తెలుసు. నేనూ మొదట అట్లే అనుకున్నాను. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. మన సోషల్ పుస్తకంలో ఆయన పాఠం లేదు గానీ, పాతరాతియుగం గురించి చదివే వాళ్లందరికీ ఈ పేరు బాగా తెలుసు. మన దేశంలో ఆ చదువుకు ఆయనే పితామహుడని చెప్తారు.

ఈయన నాకు ఎట్లా తెలిసినాడో ముందు చెప్తాను. మనమంతా బస్సులో ఓర్వకల్లు రాతివనాలకు పోయినాం కదా. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కనే, సినిమాలు తీసే చోటు అని అందరూ ఎగిరినారు. మీరు నీళ్ల మడుగు కాడ ఫోటోలకు నిలబడితే నేను రాళ్ల సందుల్లో తిరిగి ఏడు రాళ్లు జేబుల్లో వేసుకున్నాను. హాస్టల్లో వార్డెన్ సారు పెట్టెలు తనిఖీ చేసినప్పుడు దుప్పటి కింద అవి దొరికినాయి. ఎవరి తల పగలగొట్టేదానికిరా ఇవి అని అడిగినాడు. నేను జవాబు చెప్పలేక నిలబడితే సోషల్ సారు నవ్వి, వీడు బ్రూస్ ఫుట్ మాదిరి ఉన్నాడే అన్నాడు. ఆ పేరు పట్టుకుని సారు ఎనకాల పడి, ఆయన తెచ్చిచ్చిన పుస్తకాలు చదివి ఇది రాస్తున్నాను.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులో చెల్టెన్‌హామ్ అనే ఊర్లో పుట్టినారు. 1858లో మన దేశపు భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగానికి చేరి మద్రాసు వచ్చినారు. ఈ శాఖ 1851లో మొదలైంది. ఏ నేలలో ఏ రాయి ఉంది, బొగ్గు యాడుంది, బంగారం యాడుంది అని వెతికి పటాలు గీయడం వాళ్ల పని. దొరతనం వాళ్లకు కావలసింది బొగ్గు, బంగారమే. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. అప్పట్లో రైళ్లు తక్కువ. గుర్రం మీదా, ఎద్దులబండి మీదా, నడకతోనూ తిరిగి గుడారాల్లో పండుకునేవాళ్లు. చేతిలో సుత్తి, దిక్సూచి, నోటుపుస్తకం. ఫుట్ 33 ఏండ్లు ఈ పని చేసినారు. ఆయన మామ పీటర్ పెర్సివల్ అనే పాదిరీ మద్రాసులో ఉండేవాడు. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు కూడా వేసినాడు. కాబట్టి ఆ ఇంట్లో మన భాష మాట వినబడే ఉంటుందని నేను అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. 1863 మే 30వ తేదీ. మే నెల మద్రాసు ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కరలేదు. మద్రాసు దగ్గర పల్లావరంలో సిపాయిలు కవాతు చేసే మైదానం పక్కన కంకర తవ్విన గుంత ఒకటి ఉంది. ఆ గుంతలో ఎర్రకంకర మధ్య ఫుట్‌కు ఒక రాయి కనబడింది. అరచేతిలో పట్టేంత రాయి. కావాలని దెబ్బలు కొట్టి పెచ్చులు లేపి అంచు తీసినట్టు ఉంది. ఎండకూ వానకూ పగిలిన రాయి అట్లా ఉండదు. అది పాతరాతియుగం మనిషి చేసిన పనిముట్టు అని ఆయన గుర్తుపట్టినారు. అప్పటికి ఆయన వయసు 28.

ఆ గుంతలో కంకర తవ్వింది కూలీలు. ఆ మైదానంలో వందలమంది సిపాయిలు రోజూ తిరిగినారు. వాళ్లకు కనబడనిది ఈయనకు కనబడింది ఎందుకంటే, ఈయన దానికోసం కాచుకుని ఉన్నాడు. దానికి నాలుగేండ్ల ముందు 1859లో ఫ్రాన్సు దేశంలో సోమ్ నది కంకరలో దొరికిన ఇట్లాంటి రాళ్లు మనిషి చేసినవేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. మనిషి పుట్టి ఆరువేల ఏండ్లే అయిందని నమ్మే కాలం అది. ఫ్రాన్సులో ఉంటే ఇక్కడెందుకు ఉండకూడదు అని ఫుట్ ఆలోచించినారు. అదే సంవత్సరం సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం అనే చోట ఇంకా చాలా పనిముట్లు పట్టుకున్నారు. ఆ అత్తిరంపాక్కం పనిముట్లలో అన్నిటికన్నా పాతవి 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చినారు. ఫుట్ దొరకు ఆ సంఖ్య తెలియదు. తెలిసి ఉంటే గుర్రం దిగి గంతులు వేసి ఉండేవాడేమో.

ఆయన ఇంకో సంగతి కూడా కనిపెట్టినారు. ఆ పాత మనుషులు చేతికందిన రాయల్లా తీసుకోలేదు. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిని ఏరి తీసుకున్నారు. ఇసుక గట్టిపడి గట్టిపడి రాయైతే అది క్వార్ట్‌జైట్. కొడితే పదునుగా పెచ్చు లేస్తుంది. ఈ రాయికి మన కడప, కర్నూలు కొండలు పెద్ద పుట్టిల్లు.

నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. మీలోనూ చాలామంది చూసి ఉండరు. కానీ సారు చెప్పినాక తెలిసింది, మనం రోజూ తొక్కేది సముద్రాన్నే. ఓర్వకల్లు రాళ్లలో ఎక్కువగా ఉండేది సిలికా. ఏటి ఇసుకలో ఉండేదీ అదే. కోట్ల కోట్ల ఏండ్ల కింద, ఇంకా లోకంలో చేప కూడా పుట్టకముందు, మన కడప కర్నూలు సీమ లోతు లేని సముద్రం. ఒడ్డున పరుచుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. నీళ్ల అడుగున పేరుకున్న సున్నపు బురద నాపరాయి అయింది. మన భోజనాల హాల్లో పరిచిన బేతంచెర్ల బండలు ఆ సముద్రం అడుగే. ఈ కొండల్లో కొన్ని రాతిపలకల మీద అలలు గీసిన గీతలు ఇప్పటికీ వరసగా ఉంటాయి, చెరువు ఒడ్డున తడి ఇసుకలో చూస్తామే అట్లాంటివే. ఈ రాళ్ల గురించి పెద్ద పుస్తకం రాసింది ఫుట్ స్నేహితుడు విలియం కింగ్. అది 1872లో అచ్చయింది. నేటికీ ఆ రాళ్లకు కడప, కర్నూలు పేర్లే వాడతారు. మన ఊర్ల పేర్లు ప్రపంచంలోని రాళ్ల పుస్తకాల్లో ఉన్నాయంటే నాకు భలే అనిపించింది.

మరి నిజం సముద్రం ఒడ్డున కూడా ఫుట్ తిరిగినారు. ఒంగోలు వైపు నుంచి మచిలీపట్నం దాకా తూర్పుతీరం రాళ్లను పరిశీలించి 1879లో పుస్తకం వేసినారు. వేమవరం, బూదవాడ, పావులూరు అనే పల్లెల పేర్లు అక్కడి రాళ్లకు పెట్టినారు. వేమవరం పలకరాళ్లలో ఆకుల అచ్చులు ఉంటాయి. ఆ తర్వాత దక్షిణాన తిరునల్వేలి తీరానికి పోయినారు. అక్కడ గాలి తోలిన ఎర్ర ఇసుక దిబ్బలను తేరి అంటారు. ఆ ఇసుకలో గోరంత గోరంత రాతి పనిముట్లు దొరికినాయి. మనిషి కొండల్లోనే కాదు, కడలి ఒడ్డున కూడా బతికినాడని దాంతో తెలిసింది. ధార్వార్ రాళ్లు అనే పేరు, బళ్లారి వైపు బూడిద దిబ్బలు పశువుల పేడ కాలిన బూడిదే అనే మాట, ఇవన్నీ కూడా ఆయనవే. అన్నీ రాస్తే గోడ చాలదు.

నాకు బాగా నచ్చిన భాగం మన బేతంచెర్లది. కాబట్టి అది మాత్రం వివరంగా రాస్తాను.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం అనే గవులు ఉన్నాయి. బిల్వస్వర్గం అని కూడా అంటారు. ఇప్పుడది నంద్యాల జిల్లా. సున్నపురాయిని వాననీళ్లు వేల ఏండ్లు కరిగించి కరిగించి లోయల మాదిరి తొలిచినాయి. పైకప్పు కూలి ఆకాశం కనబడుతుంది. ఆ గోడల్లో గవుల నోర్లు. 1844లో న్యూబోల్డ్ అనే కెప్టెన్ అక్కడ పాత ఎముకలు ఉన్నాయని రాసినాడు. తర్వాత 40 ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో హక్స్‌లీ అనే గొప్ప శాస్త్రవేత్త మద్రాసు గవర్నరుకు గుర్తు చేస్తే, 1884లో ఫుట్‌ను అక్కడికి పంపినారు. ఒక్క మాట. ఈ గవులను దొరలు కనిపెట్టినారని పుస్తకాల్లో ఉంటుంది. బిల్లసర్గం అనే పేరు దొరలు పెట్టింది కాదు. అక్కడి గొర్రెలకాపరులకు, ఊరోళ్లకు అది ముందునుంచీ తెలిసిన చోటే. దొరలు కనిపెట్టింది మట్టి కింద ఉన్నదాన్ని. ఈ తేడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఫుట్ ఒక్కో గవికి ఒక్కో పేరు పెట్టినారు. ఎత్తుగా ఉన్నదానికి కథీడ్రల్ అని, అంటే పెద్ద చర్చి. ఎముకలు విస్తారంగా ఉన్నదానికి ఎముకల కొట్టం అని అర్థం వచ్చే పేరు. కానీ సర్వే పని వదిలి ఆయన అక్కడే ఉండే వీలు లేదు. అందుకని తవ్వే పని కొడుకు హెన్రీకి అప్పగించినారు. హెన్రీ సైన్యంలో లెఫ్టినెంటు, ఫిరంగి దళంలో పనిచేసేవాడు. 1884, 85లో ఆయన కూలీలను పెట్టి పొర తర్వాత పొర తవ్వించినాడు. ఎట్లాంటి ఎముకలు దొరికినాయో వింటే మీరు నమ్మరు. లిడెక్కర్ అనే పండితుడు పరీక్షించి 1886లో రాసినదాని ప్రకారం, వాటిలో ఖడ్గమృగం ఉంది. చుక్కల దుమ్ములగొండి ఉంది. ఇప్పుడు చుక్కల దుమ్ములగొండి కావాలంటే ఆఫ్రికా పోవాలి. ఖడ్గమృగం కావాలంటే అస్సాం పోవాలి. ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టినారు.

ఇవిగాక సుమారు 200 ఎముక ముక్కలు మనిషి చెక్కిన పనిముట్లని తండ్రీకొడుకులు చెప్పినారు. బాణపు మొనలు, సూదుల మాదిరివి, గీకుడు పనిముట్లు. యూరపు గవుల్లో దొరికే వాటిని పోలి ఉన్నాయన్నారు. ఇదే పెద్ద చిక్కు తెచ్చింది. ఆ తర్వాత ఆ ఎముక పనిముట్లు పోయినాయి. మళ్లీ పరీక్షించేదానికి వస్తువు లేదు. 1927లో కామియాడ్ అనే ఆయన అదే చోట తవ్విన సంగతి రాస్తూ, తనకు అట్లాంటి పనిముట్లు దొరకలేదన్నాడు. దాంతో అనుమానం బలపడింది. జంతువులు కొరికిన ఎముకలను చూసి తండ్రీకొడుకులు మనిషి పని అనుకున్నారేమో అనే మాట వచ్చింది. ఏదుపంది ఎముకలు కొరుకుతుందని మా గూడెంలో చిన్నపిల్లలకూ తెలుసు కాబట్టి, ఆ అనుమానం ఉత్తదేమీ కాదు. అప్పటికి ఫుట్ చనిపోయి ఏండ్లు అయింది. కొడుకు ఎండలో, గబ్బిలాల కంపులో తవ్వించిన పని అబద్ధమని తేలినట్టే అయింది. జవాబు చెప్పేదానికి ఆ పనిముట్లు ఎవరి చేతిలోనూ లేవు.

సుమారు 90 ఏండ్లు గడిచినాయి. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి అనే మన తెలుగు పరిశోధకుడు బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వినారు. అక్కడ ఎముక పనిముట్లు దొరికినాయి, రాతి పనిముట్ల కన్నా ఎముకవే ఎక్కువ. గవిలో నిప్పు పెట్టుకున్న పొయ్యి కూడా బయటపడింది. ఆ పొయ్యి వయసు లెక్క కడితే సుమారు 17,000 ఏండ్లు వచ్చింది. అంటే కర్నూలు గవుల్లో మనిషి ఎముకను చెక్కి వాడినాడన్నది నిజమే. హెన్రీ ఎత్తిన ప్రతి ముక్కా పనిముట్టే అని దీంతో రుజువు కాదు. కానీ తండ్రీకొడుకులు చెప్పిన దారి తప్పు కాదని తేలింది.

ఈ పొయ్యి కాడ నేను కొంచెం నా సంగతి రాయాలి. నేను ఐదో తరగతి వేరే ఊరి బడిలో చదివినాను. ఆదిమానవుడు పాఠంలో ఆకులు కట్టుకుని విల్లు పట్టుకున్న బొమ్మ ఉండేది. టీచరు ఆ పేజీ తీయమనగానే వెనక బెంచీ నుంచి ఎవరో నా పేరు చెప్పి నవ్వినారు. క్లాసంతా తిరిగి నన్ను చూసింది. నేను చెంచు పిల్లోడిని. మా నాయనకు నాయన, మా అబ్బ, నల్లమలలో విల్లు పట్టిన మనిషే. ఆ రోజు సాయంత్రం నేను అన్నం మెతుకులతో ఆ రెండు పేజీలను ఒకదానికొకటి అంటించేసినాను. పరీక్షలో ఆ పాఠం ప్రశ్న వస్తే వదిలేసినాను.

ఫుట్ గురించి చదువుతా ఉంటే ఆ పేజీలు గుర్తొచ్చినాయి. ఆయన తన జీవితమంతా ఆ బొమ్మలోని మనిషి పనితనాన్ని వెతుక్కుంటూ తిరిగినాడు. ఏ రాయి గట్టిది, ఏ వైపు కొడితే పెచ్చు ఎట్లా లేస్తుంది, తెలియనివాడు రెండు అంచులూ సమంగా తీయలేడు. నేను ఓర్వకల్లు నుంచి తెచ్చిన రాళ్లలో రెండింటిని బాయి కాడ కొట్టి చూసినాను. ఒకటి నాలుగు ముక్కలై పోయింది. ఇంకోదానికి ఏమీ కాలేదు, నా బొటనవేలు మాత్రం నలిగింది. ఆయాకు తలుపులో పడిందని చెప్పినాను. ఇప్పుడు చదివి తెలుసుకుంటుంది.

ఇంకొకటి. మూర్తి గారు గవుల్లో దొరికినవాటిని అర్థం చేసుకునేదానికి అక్కడ బతికే చెంచులు, బోయలు, ఎరుకలవాళ్లు ఎట్లా వేటాడతారు, ఏం ఏరుకుంటారు, ఏ కాలంలో ఏం తింటారు అని తిరిగి చూసి 1985లో రాసినారు. మేము ఆ గవి మనుషుల పిల్లలమని ఆయన అనలేదు, నేనూ అనను. ఈ నేలలో ఎట్లా బతకాలో తెలిసినవాళ్లను అడిగితే పాత సంగతి అర్థమవుతుందని ఆయన లెక్క. వేసవి సెలవులకు పోయినప్పుడు మా అబ్బకు ఈ మాట చెప్పినాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ సారు తేనె తీసేది కూడా రాసుకున్నాడా అని అడిగినాడు.

ఫుట్ చివరి సంవత్సరాలు త్వరగా చెప్తాను. 1891లో పింఛను తీసుకున్నారు. ఊరికే కూర్చోలేదు. బరోడా సంస్థానానికీ, మైసూరు సంస్థానానికీ రాళ్ల సర్వే చేసినారు. బళ్లారి జిల్లా రాళ్ల మీద పుస్తకం 1895లో వచ్చింది. తమిళదేశంలో షెవరాయ్ కొండల మీద ఏర్కాడు ఊర్లో ఇల్లు. ఆ కొండల్లో జనం నున్నటి పాత రాతిగొడ్డళ్లను గుళ్లలో పెట్టి కొలిచేవాళ్లు. మన వైపు వాటిని పిడుగురాళ్లు అంటారు.

40 ఏండ్లుగా ఏరిన రాళ్లూ, కుండపెంకులూ ఆయన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. 1904లో వాటిని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం తీసుకుంది. ఇప్పటికీ చెన్నై ఎగ్మోరులో ఉన్నాయి. ఆయన జాబితాలో 459 చోట్లు ఉన్నాయి, పాతరాతియుగానివి 42, కొత్తరాతియుగానివి 252, మిగతావి ఆ తర్వాతి కాలానివి. ప్రతి వస్తువుకూ నంబరు, ఏ ఊరి దగ్గర దొరికిందో పేరు. ఏరడం ఎవరైనా ఏరుతారు, నా మాదిరి. యాడ దొరికిందో రాసిపెట్టడమే ఆయన గొప్ప. ఆ కాగితాలు పట్టుకుని ఈనాటి శాస్త్రవేత్తలు మళ్లీ అవే చోట్లకు పోతున్నారు. ముసలితనంలో కూర్చుని ఆ పట్టికంతా తయారు చేసినారు. అది అచ్చయ్యేది చూడకుండానే 1912 డిసెంబరు 29న కలకత్తాలో చనిపోయినారు. వయసు 78. ఏర్కాడు చర్చిలో ఆయన గుర్తు ఉంది. పట్టిక పుస్తకాలు 1914లోనూ 1916లోనూ వచ్చినాయి.

మన ఓర్వకల్లు పక్కనే కేతవరం దగ్గర రాతి మీద పాతకాలం మనుషులు వేసిన ఎర్రరంగు బొమ్మలు ఉన్నాయంట. ఈసారి బస్సు దొరికితే మడుగు కాడ గంటసేపు నిలబడకుండా అక్కడికీ, వీలైతే బేతంచెర్లకూ పోదామని వార్డెన్ సారును ఈ గోడ మీదనుంచే అడుగుతున్నాను. గవుల్లో పేర్లు చెక్కేవాళ్లను మాత్రం తీసుకపోవద్దు సార్. వాళ్లెవరో మీకు తెలుసు.

నా పెట్టెలో ఇప్పుడు మిగిలినవి ఐదు రాళ్లు. సోషల్ సారు ఒక్కొక్కటే వెలుగులో తిప్పి చూసి, దేని మీదా మనిషి చెయ్యి పడలేదు, అన్నీ ఎండకూ వానకూ పగిలినవే అని తేల్చినాడు. ముందు దిగులైంది. అయినా ఒక్కోదానికి నంబరు వేసి కాగితం అంటించినాను. ఒకదాన్ని ఈ గోడపత్రిక కింద కిటికీలో పెట్టినాను. నంబరు 4, ఓర్వకల్లు, మడుగుకు పడమటి పక్క, పెద్ద బండ నీడలో. చేతిలోకి తీసుకుని చూడండి. చూసినాక మళ్లా అక్కడే పెట్టండి.